నాచు చెరువులో చేప పడుతోంది, ఒడ్డుకు మాత్రం రావట్లేదు

కట్టమీద_కిట్టు
మా ఊరి చెరువు ఈసారి మాఘం దాటకముందే నాచుతో నిండిపోయింది. కట్ట నుంచి ముప్పై గజాల దాకా పైకి తేలింది, మధ్యలో అక్కడక్కడా గుంతలు గుంతలుగా ఖాళీ ఉంది. లోతు ఏడెనిమిది అడుగులు. రవ్వలు, బొచ్చెలు, బంగారుతీగలు ఉన్నాయి, 2 కిలోల నుంచి 5 దాకా. నా సెటప్ ఇదీ: 9 అడుగుల రాడ్, 4000 సైజు రీల్, 0.35 మి.మీ. మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్), స్ప్రింగ్ ఫీడర్ (పిండి ముద్ద పట్టి ఉంచే తీగ చుట్ట), దానికి ఆరు గాలాలు, కింద 80 గ్రాముల సీసం. చేప కొడుతుంది, కాసేపు లైన్ తీస్తుంది, నాచులో దూరుతుంది, ఇక కదలదు. గట్టిగా లాగితే తెగుతుంది. 0.45కి పోవాలా, బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన లైన్) వెయ్యాలా? బ్రెయిడ్ అయితే ఎన్ని పౌండ్లది? మత్స్యకారుల సొసైటీ పర్మిషన్ ఉంది, రోజు టికెట్ కడుతున్నా, ఆ విషయంలో క్లాసు పీకొద్దు.

తవుడు_తాత
లైన్ సంగతి తరవాత. ముందు ఆ ఆరు గాలాల గుత్తి తీసెయ్ తమ్ముడూ. చేప నోట్లో గుచ్చుకునేది ఒకటి, మహా అయితే రెండు. మిగతావన్నీ బయట వేలాడుతూ నాచు కాడలకి తగులుకుంటాయి. చేప నాచులో దాక్కుంది అనుకుంటున్నావు, దాన్ని అక్కడ కట్టేసింది నీ గాలాలే. కింద 80 గ్రాముల సీసం ఇంకో లంగరు. 0.45 వేస్తే కాస్త ఆలస్యంగా తెగుతుంది, అంతే తేడా. తెగాక ఆ చేప సీసాన్నీ స్ప్రింగ్‌నీ ఈడ్చుకుంటూ నాచుకి చిక్కి చస్తుంది.

మానేరు_మల్లన్న
గుత్తిని తిట్టకు తాతా. రవ్వ పిండి ముద్దని మింగదు, పెదవులతోటి చప్పరిస్తది. చప్పరిస్తుంటే ముద్ద కరుగుతది, అందుల గాలం నోట్లకు పోతది. ఒంటి గాలం పెడితే ముద్దంత తిని గాలం మనకు వాపస్ ఇస్తది. రిజర్వాయర్ల గుత్తికి మించింది లేదు.

తవుడు_తాత
రిజర్వాయర్లో అన్నావుగా. అడుగున కాడలు లేని చోట నేనూ గుత్తే వేస్తా. కిట్టు అడిగింది నాచు చెరువు.

మానేరు_మల్లన్న
గది ఒప్పుకుంటా. నాచుల రెండు గాలాలు మించి వద్దు. రెండు కూడ చెరో దిక్కు వేలాడకుండ, ఒకదాని కింద ఒకటి, మధ్యల నాలుగు వేళ్ళ ఎడం.

భీమవరం_బెండు
రెండోది కూడా అనవసరమండీ. చేప పై గాలానికి పడితే కింది గాలం ఖాళీగా ఈడ్చుకుంటూ పోతుంది, తాత గారు చెప్పిన కథే మళ్ళీ.

రెడింగ్_రవ్వ
ఇంగ్లండ్‌లో కార్ప్ చెరువులు సగం ఇలాగే ఉంటాయి, ఎండాకాలంలో నాచు పైకి తేలుతుంది. ఇక్కడ అందరూ పాటించేవి రెండు. ఒకటి, గాలం ఒక్కటే, ఎర గాలానికి కాకుండా దాని వెనక సన్నని దారం ముక్క మీద ఉంటుంది. దీన్ని హెయిర్ రిగ్ అంటారు, 1980 ప్రాంతంలో లెనీ మిడిల్టన్, కెవిన్ మాడాక్స్ పైకి తెచ్చిన పద్ధతి. ఎర పీల్చిన చేప ఉమ్మేటప్పుడు ఖాళీ గాలం మొన పెదవికి తగులుతుంది. కాబట్టి మల్లన్న గారు చెప్పిన "ముద్ద తిని గాలం వదిలేస్తుంది" అనే ఇబ్బంది చాలావరకు పోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. చేప పడగానే సీసం ఊడిపోవాలి. సీసం ఊడితే చేప పైకి లేస్తుంది, ఊడకపోతే బరువు దాని తలని కిందికి, అంటే కాడల మొదళ్ళలోకి లాగుతుంది. నాచు పైన ఈదే చేపని లాక్కురావచ్చు, మొదళ్ళలో దూరినదాన్ని లాగలేం. ఇక్కడ దానికోసం ప్లాస్టిక్ క్లిప్పులు అమ్ముతారు, క్లిప్పు వెనక ఉండే తోక రబ్బరుని వదులుగా తొడిగితే కాస్త లాగుడుకే సీసం జారిపోతుంది.

మానేరు_మల్లన్న
గా క్లిప్పులు ఈడ కరీంనగర్‌ల ఎక్కడ దొరుకుతయే. చెప్తే దొరికేది చెప్పు.

తవుడు_తాత
క్లిప్ ఎందుకు, కుట్టు మిషన్ దారం చాలు. స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న కడియం) రింగుకి సీసాన్ని తిన్నగా కట్టకుండా మామూలు నూలు దారం ఒంటి పోగుతో కట్టు, మూడంగుళాల పొడవు. విసిరేటప్పుడు తెగుతుంది అనుకుంటే రెండు పోగులు. నైలాన్ దారం, పాలిస్టర్ దారం వద్దు, అవి తెగవు. చేతికి చుట్టి గట్టిగా లాగి చూసుకో, సుమారు కిలో, కిలోన్నర లాగుడుకి పుటుక్కుమనాలి.

ఇంకో మాట. ఊడిపోయేదానికి సీసం దండగ, చెరువుకి మంచిదీ కాదు. నున్నటి వాగు రాయి, 60 గ్రాములది, పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలో ఇరికించి అదే దారంతో కట్టు.

చిన్నగాలం
పడ్డ ప్రతి చేపకీ ఒక రాయి చెరువులోకి. పదేళ్ళు పట్టేసరికి కట్ట ఇంకో అడుగు లేస్తుంది.

రెడింగ్_రవ్వ
తాత గారి రాయి ఆలోచన భేష్. ఇంగ్లండ్‌లో 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల లోపు సీసం గుండ్లని 1987లోనే నిషేధించారు, హంసలు మింగి చస్తున్నాయని. పెద్ద సీసం ముక్కలకి ఆ నిషేధం లేదు, కానీ రాయితో పని జరిగేచోట సీసం ఎందుకు?

కట్టమీద_కిట్టు
సరే, గుత్తి తీసేస్తున్నా, రాయి కడుతున్నా. ఇప్పుడైనా లైన్ సంగతి చెప్పండి మహాప్రభో.

లైన్_లెక్క
బ్రెయిడ్. 30 పౌండ్లది, అంటే 13.6 కిలోలు. 20 వద్దు, 50 దండగ. కారణం బలం ఒక్కటే కాదు. మోనో సాగుతుంది, ముప్పై గజాల అవతల నువ్వు రాడ్ ఎత్తితే మోనో సాగుడులోనే సగం పోతుంది, ఈలోగా చేప రెండు గజాలు లోపలికి దూరుతుంది. బ్రెయిడ్ సాగదు, బిగువుగా ఉన్నంతసేపు లేత నాచు కాడల్ని రంపంలా కోసుకుంటూ వస్తుంది. అందుకే ఎనిమిది పోగుల నున్నటి బ్రెయిడ్ కంటే నాలుగు పోగుల గరుకుది నాచులో మేలు, ధర కూడా తక్కువ.

డబ్బా మీద అంకెని నమ్మకు. ఒక స్ప్రింగ్ త్రాసు తెచ్చుకో, కూరగాయల బండి వాళ్ళు వాడేది. లైన్‌కి పాలోమార్ ముడి వేసి, తడిపి బిగించి, త్రాసు కొక్కేనికి తగిలించి లాగు. 30 అని రాసి 17కే తెగేవి బజార్లో బోలెడు. ముడి దగ్గర తెగితే ముడి తప్పు, మధ్యలో తెగితే లైన్ తప్పు.

అదే త్రాసుతో డ్రాగ్ (ఎంత లాగుడుకి రీల్ నుంచి లైన్ జారాలో చూసే బిగింపు) కూడా పెట్టుకో. లైన్ రాడ్ గుండా వెళ్ళి త్రాసుకి తగలాలి, రాడ్ వంగి ఉండగా 3 నుంచి 4 కిలోల మధ్య డ్రాగ్ జారాలి. ఖాళీ నీళ్ళలో పెట్టే కిలోన్నర డ్రాగ్ ఇక్కడ పనికిరాదు.

భీమవరం_బెండు
బ్రెయిడ్‌కి ఒక పెద్ద లోపం ఉందండీ, అది చెప్పకుండా వదిలేశారు. కట్టకి రాతి కట్టుబడి ఉంటే ఆ రాళ్ళ అంచుకి బిగువైన బ్రెయిడ్ ఒక్కసారి తగిలితే చాలు, తెగుతుంది. నాచులో గెలిచి కట్ట దగ్గర ఓడిపోతాం. బ్రెయిడ్ చివర ఒక గజం 0.50 మోనో ముక్క కలిపి కట్టాలి, దాన్నే లీడర్ అంటారు.

లైన్_లెక్క
నిజమే. అయితే లీడర్ ముడి లావుగా ఉంటే నాచంతా ఆ ముడి దగ్గరే ముద్దకడుతుంది, రాడ్ కొన రింగులో ఇరుక్కుంటుంది. ఎఫ్‌జీ ముడి నేర్చుకోవాలి, సన్నగా వస్తుంది. అది కుదరకపోతే లీడర్ మానేసి, చేప కట్టకి దగ్గరయ్యాక రాడ్ నిటారుగా ఎత్తి లైన్‌ని రాళ్ళకి దూరంగా పెట్టడమే.

కట్టమీద_కిట్టు
కట్టకి రాతి కట్టుబడే. లీడర్ వేస్తా. మరి ఎర ఎక్కడ వెయ్యాలి? గుంత మధ్యలో వేస్తున్నా ఇప్పటిదాకా.

బర్రెల_బాట
గుంత మధ్యలో కాదన్నా, అంచు. చేప నాచు లోపలే ఉంటది, మధ్యలకి ఊరికే రాదు. అంచు పొంటి తిరుగుతది, కాడలకి పట్టిన నత్తలు, పురుగులు ఏరుకుంటది. కానీ మనవైపు అంచే. అవతలి అంచుకి వేస్తే పడ్డ వెంటనే ఒక తోక కొట్టుడుతోటి లోపల ఉంటది. ఇవతలి అంచుల పడితే ఖాళీ నీళ్ళ దిక్కే ఉరుకుతది, మనకి నాలుగైదు సెకండ్లు దొరుకుతయి.

గుంతల కంటె మంచి జాగ ఇంకోటుంది, ఎవ్వరు చూడరు. శిఖం (నీళ్ళు తగ్గితే తేలే చెరువు నేల) దిక్కు బర్రెలు దిగే తొవ్వ. రోజూ అవే బర్రెలు అదే తొవ్వల దిగుతయి, నాచు తొక్కిపోతది, అడుగు గట్టిపడతది, పేడ పడుతది, దానికి పురుగు పడుతది. మధ్యాహ్నం బర్రెలు కలకలం చేసి పోయినంక గంటకి బురద కొంచెం తేరుకుంటది, అప్పుడు బంగారుతీగలు, మిరుగలు ఆ తొవ్వ పట్టుకొని వస్తయి. నాలుగడుగుల లోతుల కూడ వస్తయి. గట్టు మీద అడుగుల చప్పుడు చెయ్యొద్దు, అంతే.

చాకిరేవు కూడ ఖాళీగుంటది కని సబ్బు నీళ్ళు ఉన్న పూట దండగ.

చిన్నగాలం
బర్రెల టైం టేబుల్ ఎవరన్నా పీడీఎఫ్ పెట్టండి.

తవుడు_తాత
బాట చెప్పింది బంగారం లాంటి మాట. జాలర్లు వల దించే దారి కూడా అంతే, తెప్ప తిరిగిన చోట నాచు పల్చగా ఉంటుంది.

అడుగు ఎలా ఉందో రాయితోనే తెలుసుకోవచ్చు. ఎర లేకుండా ఉత్త రాయి విసిరి, లైన్ బిగువుగా పట్టుకుని దిగనివ్వు. ఠక్కుమని చేతికి తెలిస్తే గట్టి నేల. మెత్తగా ఆగితే బురద. అసలు తెలియకుండా లైన్ మెల్లగా వదులైతే నాచు మీద వాలింది. తరవాత ఒక అడుగు లాగు. జారితే ఖాళీ, పట్టేస్తే నాచు. పైకి తీసినప్పుడు రాయికి ఏం అంటుకుందో చూడు, నల్ల బురద కుళ్ళు గుడ్డు వాసన వేస్తే ఆ చోటు వదిలెయ్, చేప అక్కడ మెయ్యదు.

ఖమ్మం_కొర్రమీను
ఇంత కష్టం ఎందుకు, దంతెతో గీకి మనమే గుంత చేసుకుంటే సరిపోతుంది కదా. రెండు ఇనప దంతెల తలలు వెనకా ముందూ కలిపి తీగతో కట్టి, 20 మీటర్ల నైలాన్ మోకు. పది విసుర్లకి రెండు మంచాల జాగా ఖాళీ అవుతుంది.

భీమవరం_బెండు
ముందు అది ఏ నాచో చూడాలండీ. కాడ చుట్టూ ఆకులు ఐదేసి వలయంగా ఉండి, వేలితో రాస్తే గరుకుగా తగిలితే హైడ్రిల్లా. దానికి వేళ్ళూ ఉంటాయి, బురదలో గడ్డలూ ఉంటాయి. దంతెతో లాగితే కాడలు తునిగి, తునిగిన ప్రతి ముక్కా మళ్ళీ నాటుకుంటుంది. గీకిన నాచు మొత్తం గట్టుకి లాగి ఎండబెట్టకపోతే వచ్చే నెలకి రెట్టింపు. చీలిన ఆకులతో నక్క తోకలా కుచ్చుగా ఉండేది సెరటోఫిలం, దానికి వేళ్ళు లేవు, దంతెకి సులువుగా వచ్చేస్తుంది.

ఖమ్మం_కొర్రమీను
గట్టు మీదికి లాగమనే నేనూ అంటున్నా. గీకితే ఇంకో లాభం, అడుగున ఎర్ర పురుగులు లేస్తాయి, వాటికోసం సాయంత్రానికే బంగారుతీగలు వస్తాయి.

తవుడు_తాత
వస్తాయి, అడుగు బాగుంటే. కుళ్ళిన అడుగుని గీకితే ఆ గాలి అంతా లేచి రెండు రోజులు ఒక్క చేపా రాదు. గీకేది ముందు రోజు గీకు, గాలం వేసే రోజు కాదు. సొసైటీ వాళ్ళకి చెప్పి గీకు, వాళ్ళు పిల్ల వదిలిన సీజన్ అయితే అసలు ముట్టుకోకు, చేప పిల్లకి ఆ నాచే నీడ.

కట్టమీద_కిట్టు
గరుకుగానే ఉంది, ఐదేసి ఆకులు. హైడ్రిల్లానే. గీకడం మానేసి బర్రెల బాట చూస్తా. టైం ఎప్పుడు? నేను తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్తున్నా.

భీమవరం_బెండు
మామూలు చెరువుకి తెల్లవారుజాము సరైనదే, దట్టమైన నాచు చెరువుకి కాదు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. పొద్దు పొడిచే ముందు నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. మా వైపు చేపల చెరువుల రైతులు ఏరేటర్లు తెల్లవారుజామున తిప్పేది అందుకే. ఆ వేళ చేప నాచు లోపల ఉండదు, గాలి కొట్టే వైపు ఖాళీ నీళ్ళలోకి వచ్చి నిలబడుతుంది, కానీ మేత మీద ధ్యాస ఉండదు. ఎండ బాగా ఎక్కాక, ఎనిమిదిన్నర, తొమ్మిది నుంచి కదులుతుంది. సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా ఇంకా మంచిది.

రెండు మూడు రోజులు మబ్బు పట్టి ఉంటే పగలు కూడా ఆక్సిజన్ పుంజుకోదు. చేపలు తలలు పైకి పెట్టి నోళ్ళు తెరుస్తుంటే ఆ రోజు గాలం వెయ్యకండి. పట్టినా, వదిలినా చస్తుంది.

మానేరు_మల్లన్న
నాలుగున్నరకి లేచుడు తప్పింది కిట్టన్నా, పండుకో.

కట్టమీద_కిట్టు
మా ఇంట్లో ఈ పోస్టు చూపించాను, ఎనిమిది దాకా ఇంటి పని చెయ్యొచ్చు అన్నారు.

రెడింగ్_రవ్వ
ఎర సంగతి ఎవరూ ముట్టుకోలేదు. బరువైన పిండి ముద్ద నాచులో కూరుకుపోతుంది, చేపకి కనపడదు. గాలం మొనకి ఒక చిన్న పోగు పట్టినా ఇక గుచ్చుకోదు. కాబట్టి రెండు పనులు జరగాలి. దిగేటప్పుడు మొన మూసి ఉండాలి, దిగాక ఎర నాచు పైన తేలి ఉండాలి.

మొక్కజొన్న గింజలు 24 గంటలు నానబెట్టి, కుక్కర్లో ఐదు విజిల్స్, గింజ పగలాలి. హెయిర్ మీద రెండు గింజలు, వాటి పైన అంతే సైజు ఫోమ్ ముక్క, పాత స్లిప్పర్ చెప్పు నుంచి కోసినా పనికొస్తుంది. గ్లాసు నీళ్ళలో వేసి చూడండి, గాలం కింద, గింజలు పైన ఉండి నెమ్మదిగా మునిగితే సరి. తేలిపోతే ఫోమ్ కొంచెం కొయ్యండి. గాలం వంపుకీ గింజకీ మధ్య అర సెంటీమీటరు పైన ఎడం ఉండాలి. గాలం 6 లేక 4 నంబరు, లావు తీగది. రాయి కాడల మధ్యకి దిగిపోతుంది కాబట్టి గాలం దారం, అంటే గాలాన్ని లైన్‌కి కలిపే ముక్క, ఒక జానెడైనా ఉండాలి, ఇంకా దట్టంగా ఉంటే జానెడున్నర.

తవుడు_తాత
దానికి నా కలుపు. పొడి పిండి పిడికెడు తీసుకుని గాలం, గింజలు మొత్తం మూసేలా నొక్కు. విసిరితే విడిపోకూడదు, నీళ్ళలో ఐదు పది నిమిషాల్లో విచ్చుకోవాలి. తవుడు రెండు పాళ్ళు, వేరుశనగ చెక్క పొడి ఒక పాలు, మైదా అర పాలు. నీళ్ళు చిలకరించి గంట ఆగు, మళ్ళీ చిలకరించు, ఒకేసారి పోస్తే బంక అవుతుంది. చెక్క పొడిని జల్లెడ పట్టు, గడ్డలు ఉంటే ముద్ద అక్కడే చీలుతుంది. బకెట్లో వేసి పరీక్షించాకే చెరువులో వెయ్.

కొందరు ముద్ద నిలవడానికి దూది కలుపుతారు. వద్దు, చేప కడుపులో అది కరగదు.

మేత ఎక్కువ చల్లకు. పూటకి ముప్పావు కిలో, కిలో చాలు. నాచు చెరువులో తిండికి కొదవ లేదు, నువ్వు చల్లింది తినకపోతే కుళ్ళి ఆ జాగానే పాడుచేస్తుంది.

భీమవరం_బెండు
ఇదంతా రవ్వకి, బంగారుతీగకి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అడుగున మెయ్యదు. దానికి బెండు కట్టి, నాచు కొసలకి ఒక అడుగు పైన ఎర వేలాడదీయాలి. ఏడడుగుల నీళ్ళు, నాచు నాలుగడుగులు అనుకుంటే బెండుకీ గాలానికీ మధ్య రెండడుగులు. తవుడు సన్నగా వేయించి మెత్తగా కలిపితే పాల రంగులో మబ్బు కడుతుంది, బొచ్చె ఆ మబ్బులోకి వస్తుంది. పడ్డాక మరీ మొరటుగా లాగకండి, బొచ్చె పెదవి రవ్వ పెదవి అంత గట్టిది కాదు.

ఖమ్మం_కొర్రమీను
చిన్న గుంత అయితే రీల్ పక్కన పెట్టి వెదురు గెడ తీసుకోండి. 14 అడుగుల గెడతో గుంతలోకి నిట్టనిలువునా దించి, పడగానే నిట్టనిలువునా ఎత్తొచ్చు. చేప పక్కకి తిరగడానికి లైనే ఉండదు. మా ఊళ్ళో ముసలివాళ్ళు 6 వేల రూపాయల రాడ్ పట్టుకున్న కుర్రాళ్ళ పక్కన కూర్చుని పట్టేది ఇలాగే.

కట్టమీద_కిట్టు
ఇక అసలుది. పడింది. అప్పుడు?

లైన్_లెక్క
మొదటి పది సెకండ్లే అసలు ఆట. రాడ్ చేతిలో ఉండాలి, స్టాండ్ మీద పెట్టి టీ తాగడానికి పోకూడదు. డ్రాగ్ ముందే బిగించి ఉంటుంది కాబట్టి, స్టాండ్ మీద వదిలితే రాడ్ చెరువులోకి పోతుంది. పడగానే రాడ్ ఎత్తి, రీల్ తిప్పకుండా వెనక్కి నాలుగైదు అడుగులు నడువు. రీల్ తిప్పే టైంలో చేప తల తిప్పుకుంటుంది, వెనక్కి నడిస్తే లైన్ వదులు కాదు. తల పైకి వచ్చాక అప్పుడు తిప్పు. చేప నీటి పైన జారుతూ రావాలి. ఆగి ఆగి పంపు కొట్టినట్టు లాగితే మధ్యలో వదులైన ప్రతిసారీ అది కిందికి దూరుతుంది.

మానేరు_మల్లన్న
కట్ట మీద వెనక్కి నడిచేటప్పుడు వెనక చూసుకో. కట్ట అవతల పొలంల పడితే చేప నిన్ను పట్టినట్టు అయితది.

బర్రెల_బాట
అప్పటికీ నాచుల దూరితే లైన్ వదులు చెయ్యాలె. మొత్తం వదిలేసి ఐదు నిమిషాలు కూసోవాలె. లాగుడు లేకపోతే చేప దానంతట అదే వచ్చిన తొవ్వనే బయటికొస్తది. లైన్ కదులుడు కనపడంగనే లాగు.

లైన్_లెక్క
నేను ఒప్పుకోను. వదులు చేస్తే గాలం ఊడుతుంది, చేప ఇంకో నాలుగు కాడలు చుట్టుకుంటుంది. బిగువు తగ్గించకుండా పక్కకి నడిచి కోణం మార్చాలి. కట్ట మీద ఇరవై గజాలు కుడికి పోయి లాగు, రాకపోతే ఎడమకి. బ్రెయిడ్ కోణం మారినప్పుడల్లా కొన్ని కాడలు కోస్తుంది. ముందుకి వచ్చే లాగుడు మొదలైందంటే ఆపకు, నాచు మోపుతో సహా వస్తుంది.

రెడింగ్_రవ్వ
ముందు లెక్క గారిది, అది రెండు మూడు నిమిషాలు పనిచెయ్యకపోతే బాట గారిది. ఈ వరసలోనే చెయ్యాలి. ఒక్క మాట, వదులు చెయ్యాలంటే గాలానికి చిన్న ములుకైనా (మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు) ఉండాలి, ములుకు లేని గాలం వదులుకి ఆగదు.

నాచు మోపు చేప తల మీద కప్పుకుంటే కళ్ళు మూసుకుపోయి అది కొట్టుకోవడం మానేస్తుంది. బరువు ఉంది, కదలిక లేదంటే చేప పోయిందనుకుని లైన్ వదిలెయ్యకండి, మెల్లగా తెస్తూనే ఉండండి.

తవుడు_తాత
వస్తూ వస్తూ నాచు లైన్ మీద జారి రాడ్ కొన దగ్గర ముద్ద కడుతుంది. రీల్ ఇక తిరగదు. పక్కన ఇంకో మనిషి ఉండి దాన్ని పీకేస్తూ ఉండాలి. ఒంటరిగా ఉంటే రాడ్ కొనని నీళ్ళలో ముంచి అటూ ఇటూ ఊపు, కొంత రాలుతుంది. చేతి వల మూతి గజం వెడల్పుండాలి, ముందే నీళ్ళలో ముంచి ఉంచి నాచుతో సహా ఎత్తు. నాచుని వేరు చేద్దామని ఒడ్డున కెలికితే చేప మేలుకుంటుంది.

బ్రెయిడ్‌ని ఉత్త చేత్తో పట్టి లాగకు, వేలు ఎముక దాకా కోస్తుంది. అసలు రాకపోతే లైన్‌ని తువ్వాలు చుట్టిన కర్రకి నాలుగు చుట్లు వేసి, రాడ్ పక్కన పెట్టి, తిన్నగా లాగు. అప్పుడు తెగేది గాలం దారం కావాలి, అందుకని దాన్ని లైన్ కంటే బలహీనంగా, 20 పౌండ్లది పెట్టు. ఆ ముక్క ఒక్కటే చేప దగ్గర ఉంటుంది, లైన్ మొత్తం కాదు.

భీమవరం_బెండు
లైన్ కోసం, చేప కోసం నాచులోకి దిగడం, ఈదడం వద్దేవద్దు. ఈత వచ్చిన వాళ్ళే నాచు కాళ్ళకి చుట్టుకుని పోతున్నారు. మోకాలి లోతే అనిపించినా తామర ఉన్న చోట బురద నడుము దాకా ఉంటుంది. తెప్ప మీద వెళ్ళాలంటే లైఫ్ జాకెట్ వేసుకుని, ఆ చెరువు తెలిసిన జాలరితో వెళ్ళండి. మంజీర అభయారణ్యం లాంటి చోట్ల అయితే మొసళ్ళు కూడా ఉన్నాయి.

ఖమ్మం_కొర్రమీను
సొసైటీ వాళ్ళకి చెప్పి గడ్డి చేప పిల్ల వదిలిస్తే ఈ గోలంతా పోతుంది కదా. హైడ్రిల్లా అంటే దానికి ప్రాణం.

తవుడు_తాత
మరీ చిన్న పిల్ల వదిలితే నీ పేరున్న చేపే మొత్తం మింగేస్తుంది. జానెడు దాటిన పిల్ల కావాలి, ధర ఎక్కువ. గడ్డి చేప చెరువులో గుడ్డు పెట్టి పెరగదు, ఎంత వదిలితే అంతే, కాబట్టి లెక్క సొసైటీ చేతిలో ఉంటుంది. ఎక్కువైతే నాచు మొత్తం నాకేస్తుంది, అప్పుడు నీళ్ళు ఆకుపచ్చగా మారి ఇంకో తలనొప్పి. గుర్రపుడెక్క మాత్రం అది ముట్టుకోదు, దాన్ని మనుషులే పీకాలి.

మానేరు_మల్లన్న
ఆల్రెడీ గడ్డి చేపలు ఉంటే వాటికే గాలం వెయ్యొచ్చు. లేత మొక్కజొన్న ఆకు నాలుగు వేళ్ళంత మడిచి గాలానికి గుచ్చి, సీసం లేకుండ, చిన్న బెండుతోటి నాచు అంచున తేలనియ్యి. కొట్టినంక మొదట్ల సప్పుడు చెయ్యకుండ వస్తది, వలని చూడంగనే ఎగిరి దుంకుతది. డ్రాగ్ అప్పుడు కొంచెం వదులు చేసి పెట్టుకో.

కట్టమీద_కిట్టు
రాసుకున్నా అన్నీ. ఒంటి గాలం, రాయికి నూలు దారం, 30 పౌండ్ల బ్రెయిడ్, గజం లీడర్, గాలం దారం 20ది, ఇవతలి అంచు, ఎనిమిదిన్నర తరవాత. ఒక్క డౌటు, లీడర్ 0.50 మోనో అయితే అది బ్రెయిడ్ కంటే ముందు తెగదా?

లైన్_లెక్క
మంచి 0.50 మోనో 30 పౌండ్ల పైమాటే, గాలం దారమే ముందు తెగుతుంది. త్రాసు ఉందిగా, మూడూ కట్టి లాగి చూడు. ప్రతి చేప తరవాతా లీడర్ని గోటితో తడుము, గరుకు తగిలితే ఆ ముక్క కోసి మళ్ళీ కట్టు. నాచు కాడల మీద నత్త గుల్లలు ఉంటాయి, మోనోని గీకేది అవే.